పెద్దమ్మ శ్రుతి

క్రిస్మస్ వస్తోందంటే చాలు, రేడియోల్లో గంటలు గణగణలాడించేవాళ్లను చూస్తే పాటల టీచరుకు ఒళ్లుమంట. గంటలు, మువ్వలు, పిల్లల కోరస్సు, నడుమ ఎవరో గొంతు బొంగురు చేసుకుని హో హో అనడం. ఆ సరుకంతా పెద్ద స్టేషన్లకు వదిలేసి, తమ బుల్లి కమ్యూనిటీ రేడియోలో ఏటా ఏదో ఒక తిక్క కార్యక్రమం చెయ్యకపోతే ఆవిడకు తోచదు. ఒక ఏడాది పాటలన్నీ ఈలలతోనే నడిపింది. మరో ఏడాది స్టేషను చెడిపోయినట్టు నటించి, పావుగంట సేపు శ్రోతల్ని హడలగొట్టి, ఆ గరగరలోంచే పాట పుట్టించింది. జనం తిట్టుకుంటూనే విన్నారు. టీచరు మైకులో ఏమన్నా అదీ కార్యక్రమంలో భాగమే అనుకోవడం వాళ్లకు అలవాటైపోయింది.

ఈసారి తిక్క పేరు ‘గంటలు లేని క్రిస్మస్’. అప్పుడే పుట్టిన పసివాడికి ఊళ్లోని యంత్రాలన్నీ కలిసి జోల పాడాలి. పళ్ల డాక్టరు కుర్చీ పైకి లేచే మూలుగు, బేకరీలో పిండి కలిపే మర, రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాలు మింగి కక్కే జిరాక్సు మిషను, బస్సు తలుపు నిట్టూర్పు. వాయిద్యమన్నది ఒక్కటీ ఉండకూడదు. మాటలు రాసింది టీచరే, వరస కట్టిందీ, పాడేదీ ఆవిడే. నాలుగు చరణాలు. నాలుగు వారాల్లో వారానికొకటి రికార్డు చేసి, అన్నీ అతికించి, పండగ ముందురోజు మధ్యాహ్నం పన్నెండింటికి వినిపించాలి.

ఇన్ని చప్పుళ్లకూ అడుగున ఆగకుండా మోగే ఒకే ఒక్క స్వరం కావాలి. అది పెద్దమ్మ ఇచ్చింది.

పెద్దమ్మ మనిషి కాదు. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో, తడిబట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు పిండే మిషను. నలుగురు చేతులు చాచి పట్టుకుంటే గానీ దాని చుట్టుకొలత అందదు. లోపల ఉక్కు డ్రమ్ము వేగం పుంజుకుంటే గది గదంతా ఒకటే హుంకారం, మంద్రస్థాయిలో కచ్చితమైన ‘స’, షడ్జం. దానికి బట్టలు మేపే పని టీచరు తమ్ముడిది. “పెద్దమ్మ ఇవాళ బాగా తింది”, “పెద్దమ్మ మూతి ముడుచుకుంది” అంటూ ఇంటికొచ్చి అక్కను నవ్వించేవాడు. అక్కాతమ్ముళ్లకు పన్నెండేళ్ల తేడా. తల్లి పోయాక వాణ్ణి చంక దించకుండా పెంచింది టీచరే. ముప్పై దాటినా వాడు తిన్నాడో లేదో కనుక్కోకుండా ఆవిడకు ముద్ద దిగదు. ఈ లోకంలో నాదీ అని చెప్పుకోవడానికి ఆవిడకు ఉన్నది వాడొక్కడే. ఆ పెద్దమ్మ వాడిమీద నోరు తెరుస్తోందని, దగ్గరుండి వాణ్ణి అందిస్తున్నది తనేనని ఆ నాలుగు వారాలూ ఆవిడకు తెలియదు.

స్టేషను కళ్లజోళ్ల దుకాణం మీద రెండు గదులు. ముందు గదిలో మైకు, గోడలనిండా అతికించిన గుడ్ల అట్టలు. వెనక గదిలో కంప్యూటరు, దాని ముందు కత్తెర. ఆయన అసలు పేరు ఇంట్లో ఆడవాళ్లకైనా గుర్తుందో లేదో. ఎవరి రికార్డింగు వచ్చినా దగ్గులు, గుటకలు, కుర్చీ కిర్రులు కత్తిరించి పారేస్తాడు గనక కత్తెర. స్టేషను పెట్టిన కొత్తలోనే టీచరు ఆయనకు ఒక ఆజ్ఞ జారీ చేసింది. “చూడండి, అపశ్రుతి వింటే నాకు రోజంతా తలనొప్పి. బయటినుంచి ఏ చప్పుడొచ్చినా ముందు శ్రుతిలో పెట్టండి, ఆ తరవాతే నాకు వినిపించండి.” కత్తెర మాట మీద నిలబడే మనిషి. తొమ్మిదేళ్లుగా శ్రుతి తప్పిన చప్పుడేదీ ఆ వెనకగది గుమ్మం దాటి ఆవిడ చెవిన పడలేదు. సరిచేశాక పాతది చెరిపెయ్యడం ఆయన పద్ధతి. కంప్యూటరులో చోటు తక్కువ మరి.

లాండ్రీలో మిషన్ల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అందుకని తమ్ముడు స్టేషనువాళ్ల చిన్న రికార్డరు జేబులో వేసుకెళ్లి, ప్రతి శనివారం పెద్దమ్మ హుంకారాన్ని పట్టుకొచ్చి కత్తెర చేతికి ఇచ్చేవాడు. కత్తెర సరిచేసేవాడు. టీచరు దానిమీద పాడేది.

*ఉతికిన దుప్పటి వెచ్చగ ఉంది,*
*ఊరింకా మేలుకుని ఉంది, నువ్వు పడుకో.*

మూడో చరణం పాడుతున్నప్పుడు ఎందుకో ఆవిడకు ఒళ్లు జలదరించింది. ఏసీ ఎక్కువైందనుకుని తగ్గించమంది. ఏసీ అసలు వెయ్యనే లేదన్నాడు కత్తెర.

నాలుగో వారం, ఆదివారం మధ్యాహ్నం. తమ్ముడు వంటింటి గడపమీద కూచుని, కంచంలో అన్నం కెలుకుతున్నాడే గాని తినడం లేదు.

“ఏంట్రా, కూర బాలేదా?”

“కూరకేం, బానే ఉంది. అక్కా, పెద్దమ్మ గొంతు మారిందంటావా?”

“మారడమేంటి?”

“మా లాండ్రీ మేస్త్రి అంటున్నాడు. బేరింగు పోతోందట. నేల అదురుతోంది, కాళ్లకి తెలుస్తోంది, విప్పి చూడకుండా నడిపితే డ్రమ్ము పగిలి మీద పడుతుందీ అంటాడు. మేనేజరేమో పండగ అయ్యాక చూద్దాం, దుప్పట్లు గుట్టలు పడి ఉన్నాయంటాడు. రేపట్నుంచి ఎవరూ బట్టలు వెయ్యకూడదని అందరూ అనుకున్నారు. పదకొండుమందిమి.”

“మరి మానెయ్యండి. ప్రాణం కంటేనా?”

“మేస్త్రికి డెబ్భై దగ్గర పడుతున్నాయక్కా. ఏడాదిలో ఆర్నెల్లు ఏదో ఒకటి పగిలిపోతుందనే అంటాడు. ఆయన మాట పట్టుకుని పని ఆపితే, తీరా విప్పి చూస్తే ఏమీ లేకపోతే, పదకొండు ఉద్యోగాలూ గోవిందా. అందుకే నేనొక మాటన్నాను. మా అక్క చెవి ఉంది కదా, వారానికోసారి పెద్దమ్మ గొంతు వింటూనే ఉంది కదా, తేడా వస్తే ఆ చెవికి తెలీకుండా ఉంటుందా, కనుక్కుని చెప్తానన్నాను. మేస్త్రి కూడా సరేనన్నాడు. మీ అక్కగారు తేడా లేదంటే నేను నోరు మూసుకుంటానన్నాడు.”

టీచరుకు ముచ్చటేసింది. ఇక్కడ దాపరికం ఎందుకు, గర్వంగా కూడా అనిపించింది. ఊళ్లో ఎవరి పెళ్లికి ఏ మైకు పెట్టినా, అది కీచుమనకముందే దూరం నుంచి చెప్పేస్తుందని ఆవిడ చెవికి పేరు. తమ్ముడు ఆ చెవిని నలుగురిలో పెట్టి గొప్పగా చెప్పుకున్నాడు. “అన్నం తిను ముందు. సాయంత్రం వెళ్లి వినొస్తా,” అంది.

సాయంత్రం కత్తెరను పెద్దమ్మ నాలుగు వారాల చప్పుడూ వరసగా వెయ్యమంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పాట గురించేననుకున్నాడాయన. టీచరు కళ్లు మూసుకుని వింది. మొదటి వారం, రెండోది, మూడోది, నాలుగోది. నూలుపోగంత తేడా లేదు. నాలుగూ ఒకే షడ్జం. ఎందుకుంటుంది తేడా? శ్రుతిలో పెట్టాకే వినిపించమన్నది తనే. ఆ ముక్క ఆ క్షణాన ఆవిడ బుర్రకు తట్టలేదు. మనం రోజూ వేసుకునే కళ్లజోడు మన ముక్కుమీదే ఉందని మనకు గుర్తుంటుందా?

మెట్లు దిగుతూనే తమ్ముడికి ఫోను చేసింది. “చుక్క తేడా లేదురా. నిక్షేపంలా ఉంది మీ పెద్దమ్మ.”

“నిజంగానా?”

“నా చెవి మీద నమ్మకం లేదా నీకు?”

వాడు హాయిగా నవ్వాడు. మర్నాడు పదకొండుమందీ పనిలోకి దిగారు. మేస్త్రి అన్న మాట ప్రకారం నోరు మూసుకున్నాడు.

పండగ ముందురోజు పదకొండింటికి కార్యక్రమం మొదలైంది. టీచరు కొత్త శాలువా కప్పుకుని మైకు ముందు కూచుంది. పళ్ల డాక్టరు వచ్చి తన కుర్చీ గురించి నాలుగు జోకులు చెప్పి వెళ్లిపోయాడు. పాట పన్నెండుకు వెయ్యాలి. ఈలోపు కాస్త కాలక్షేపానికి, ఎప్పుడూ వెనకగది దాటని కత్తెరను బలవంతాన లాక్కొచ్చి రెండో మైకు ముందు కూచోబెట్టింది.

“శ్రోతలకు మీరు పడ్డ కష్టాలు చెప్పండి. అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిందెవరు?”

కత్తెర గొంతు సవరించుకున్నాడు. మైకు ముందు ఆయనకు మాట రాదనుకుంది గాని, తన పని సంగతి వచ్చేసరికి మనిషి హుషారెక్కిపోయాడు. “ఇంకెవరండీ, పెద్దమ్మే. మొదటి వారం పిల్ల సరిగ్గా షడ్జంలో కూచుంది. రెండోవారం చూద్దును కదా, అరమెట్టు కిందికి దిగిపోయింది. ఎత్తి పెట్టాను. మూడోవారం మెట్టు. నాలుగోవారం ఏకంగా రెండు మెట్లు, పైగా బొంగురొకటి. ఆ బొంగురు తియ్యడానికి నాకు రాత్రంతా పట్టిందంటే నమ్మండి! ఇప్పుడు వింటే ఎవరూ కనిపెట్టలేరు. మీరే కనిపెట్టలేకపోయారు గదా మొన్న!”

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. ‘నా చెవి మీద నమ్మకం లేదా నీకు?’ అన్న తన మాట తనకే గుర్తొచ్చింది.

“లాండ్రీలో ఎవరైనా వింటుంటే,” అంది మైకులో, “పెద్దమ్మ దగ్గరినుంచి అందర్నీ బయటికి పంపెయ్యండి. అది పగలబోతోంది. నేను తప్పు చెప్పాను. దయచేసి పంపెయ్యండి.”

తమ్ముడి ఫోను గేటు దగ్గర అలమరలో పడి ఉంటుంది. మేనేజరు నెంబరు తిప్పింది, ఎత్తలేదు. “ఏదో ఒకటి వేసుకోండి,” అని కత్తెరకు చెప్పి, శాలువా అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. లాండ్రీ పదినిమిషాల దూరం. ఆటో ఒక్కటీ ఆగలేదు. పండగ కొనుగోళ్ల జనం రోడ్డునిండా. వాళ్లను తోసుకుంటూ పరుగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ చిన్న రేడియో పెట్టుకుని కుర్చీలో ఊగుతున్నాడు. ఆవిణ్ణి చూసి పళ్లికిలించాడు. “అదరగొట్టేశారమ్మా! ఒక్క క్షణం నిజమేననుకున్నా. మీరు భలే భయపెడతారు సుమండీ!”

విన్నాడు. విని, నవ్వుకుని, కుర్చీలోనే కూచున్నాడు. టీచరు గేటు తోసుకుని లోపలికి నడిచింది. మిషను గది ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉండగానే ఆ హుంకారం చెవిన పడింది. నాలుగు వారాల్లో మొట్టమొదటిసారి పెద్దమ్మ అసలు గొంతు విందావిడ. ఎక్కడి షడ్జం! అది ఎప్పుడో దిగిపోయి, ఇంకా దిగుతూ, బొంగురుపోయి, నడుమ నడుమ ఏదో నమిలినట్టు కటకటమంటోంది. సంగీతం రాని పిల్లాడికైనా తెలిసిపోతుంది.

గదిలో తోపుడుబళ్లనిండా తడి దుప్పట్లు, నడవడానికి సందు లేకుండా. తమ్ముడు మిషను పక్కన నిలబడి మీటలు చూసుకుంటున్నాడు. అక్కను చూసి వాడి మొహం విప్పారింది. రికార్డరు కోసం కాబోలు, ఆవిడ చేతుల వంక చూశాడు.

టీచరు వాడి భుజం పట్టుకుని చెవిలో అరిచింది. “బయటికి రారా! నేను చెప్పింది తప్పు!”

“నీ చెవి తప్పదక్కా!” వాడూ అరిచాడు, ఇంకా నవ్వుతూనే.

“నేను విన్నది దీన్ని కాదురా! కత్తెర సరిచేసిపెట్టింది విన్నాను. అసలుది వినలేదు. వారం వారం దిగిపోతోందట. మేస్త్రి చెప్పిందే నిజం!”

వాడి నవ్వు మెల్లగా ఆరిపోయింది. బళ్లు తోస్తున్నవాళ్ల వైపు, మూలన నిలబడ్డ మేస్త్రి వైపు చూశాడు. “అయితే నేను వీళ్లందరికీ...” అన్నాడు, మిగతాది మిషను హోరులో వినిపించలేదు. మేస్త్రి దగ్గరికొచ్చాడు. ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“ఈ వేగంలో పగిలితే గోడలు ఆపలేవు, అటువైపు రోడ్డు,” అని అరిచాడాయన. “ఆపాలి. ఆపేటప్పుడు వేగం తగ్గుతూ ఒకచోట వణుకుతుంది, అక్కడే గండం. మెయిను స్విచ్చు మేనేజరు గదిలో. గదికి తాళం. ఈ బటనే నొక్కాలి. నేను నొక్కుతా, మీరు పొండి.”

“నేను నొక్కుతాను,” అంది టీచరు. “నా మాట వల్లే కదా.”

తమ్ముడు ఇద్దర్నీ చూశాడు. చిన్నప్పట్నుంచీ అక్క మాటకు ఎదురు చెప్పని పిల్లాడు, మొదటిసారి ఆవిడ రెండు రెక్కలూ పట్టుకుని వెనక్కు తిప్పాడు. “వాళ్లకి మాటిచ్చింది నేనక్కా. నువ్వు కాదు,” అన్నాడు. మేస్త్రి చేతిలో ఆవిడ చెయ్యి పెట్టి, తలుపు వైపు నెట్టాడు. మేస్త్రి అందర్నీ కేకలేసి బయటికి తోలాడు. టీచరు గింజుకుంది. ఆ వయసులో కూడా మేస్త్రి పట్టు ఉడుంపట్టు.

వెనక ఆవరణలో నీళ్ల ట్యాంకు చాటున అందరూ నిలబడ్డారు. పది తలలు లెక్కపెట్టాడు మేస్త్రి. హుంకారం ఒక్కసారి సద్దుమణిగినట్టయింది. “నొక్కాడు,” అన్నారెవరో. ఇక బళ్ల నడుమనుంచి దారి చేసుకుని వాడు తలుపు దాకా రావాలి.

గొంతు దిగడం మొదలుపెట్టింది. టీచరు అప్రయత్నంగా దాన్ని మెట్టు మెట్టుగా పోల్చుకుంటోంది. పంచమం. మధ్యమం. లోపల బండి ఏదో బోర్లాపడ్డ చప్పుడు. గాంధారం. నేల అదరడం మొదలైంది, ట్యాంకులో నీళ్లు చిందాయి. తలుపు దగ్గర తమ్ముడి నీలం చొక్కా కనిపించింది. కనిపించిందనే అందరూ అన్నారు తరవాత.

ఆ చప్పుడుకు స్వరం లేదు. గది గోడ ఒకటి బయటికి ఉబ్బి, నింపాదిగా కూలిపోయింది. రేకులు విరిగి తలుపు మీద పడ్డాయి. దుమ్ములో ఎవరికీ ఎవరూ కనబడలేదు. దుమ్ము కాస్త తగ్గాక, తలుపు ఉండాల్సిన చోట ఇటుకల గుట్ట మాత్రం ఉంది.

గేటు దగ్గర రేడియో ఇంకా మోగుతోంది. కత్తెర పాట వేశాడు. టీచరు గొంతు పసివాణ్ణి పడుకోమంటోంది. దాని అడుగున పెద్దమ్మ, కచ్చితమైన షడ్జంలో.

“ఆపండి దాన్ని!” అని అరిచింది టీచరు. వాచ్‌మన్ పరుగెత్తి వెళ్లి ఆపాడు. ఆవరణ నిశ్శబ్దమైపోయింది. అందరూ ఆవిడ వైపే చూశారు. ఊళ్లో పేరు మోసిన చెవి ఆవిడది, లోపల మనిషి మూలిగినా ఆవిడకే వినిపించాలి. ఆవిడ ఇటుకల దాకా వెళ్లి, వంగబోయి, ఆగిపోయింది. వెనక్కు తిరిగి మేస్త్రి కాళ్లదగ్గర కూలబడింది.

“మీరు వినండి,” అంది. “నాకొద్దు. మీరు విని చెప్పండి.”

మేస్త్రి మోకాళ్లమీద కూచుని, విరిగిన గోడకు చెవి ఆనించాడు. చాలాసేపు కదల్లేదు.

“దగ్గుతున్నాడు తల్లీ,” అన్నాడు. “ఎడమవైపు, కిందగా.”

టీచరు ఊపిరి బిగబట్టింది. ఆవిడకు ఏమీ వినిపించలేదు. దగ్గు లేదు, మూలుగు లేదు, ఏమీ లేదు. అయినా మారుమాట అడగలేదు. ఎడమవైపుకు జరిగి, కిందగా, వట్టి చేతులతో మొదటి ఇటుక లాగింది.